మంచుకు తడిసిన గడ్డిలో మీ యంత్రాన్ని నడిపి చూపండి: జీరో టిల్ యంత్రాల తయారీదారులకు బహిరంగ లేఖ

దున్నకుండా విత్తే యంత్రాలు తయారుచేస్తున్న కంపెనీల వారికి, వాటికి రూపం ఇస్తున్న ఇంజనీర్లకు నమస్కారం.

నేను రైతును. కొన్నేళ్లుగా నా చేలో నాగలి దించలేదు, రోటావేటర్ తిప్పలేదు. కోతయ్యాక గడ్డికి నిప్పు పెట్టను. ఆ గడ్డి కప్పు కిందే విత్తనం వేసి పంట తీస్తున్నాను. ఈ పద్ధతి మీద నాకు అనుమానం లేదు. వాన చినుకు నేరుగా మట్టిని కొట్టకపోతే నేల ఎంత గుల్లగా ఉంటుందో, గడ్డి కింద పదును ఎన్ని రోజులు ఎక్కువ నిలుస్తుందో, వానపాములు ఎలా తిరిగొస్తాయో కళ్లారా చూసినవాణ్ని. నా బాధంతా యంత్రంతోనే. దట్టంగా పడి ఉన్న గడ్డిలోంచి దూరి విత్తనాన్ని మట్టికి చేర్చాల్సిన యంత్రం ఆ పని సగమే చేస్తోంది. మిగతా సగం గురించే ఈ లేఖ.

మొదటి యంత్రం కొనేముందు ప్రదర్శన చూడటానికి వెళ్లాను. మధ్యాహ్నం పన్నెండు దాటింది, ఎండ బాగా కాస్తోంది. పొలంలో మోళ్లు మాత్రమే నిలబడి ఉన్నాయి. హార్వెస్టర్ వెనక పడే గడ్డి వరస ఒక్కటి కూడా లేదు, అదంతా ముందే తీసి గట్టున కుప్ప పోశారు. యంత్రం ఈ చివర నుంచి ఆ చివరకు ఎక్కడా ఆగకుండా వెళ్లింది. చూసినవాళ్లందరం సంతోషపడ్డాం. నేను కొన్నాను.

నా చేలో దాన్ని పొద్దున ఏడింటికి దించాను. రాత్రంతా మంచు కురిసి గడ్డి నానిన తాడులా ఉంది. ఇరవై గజాలు వెళ్లేసరికి టైన్ల (చాలు తీసే ఇనుప కొమ్ముల) మధ్య గడ్డి చుట్టుకుని దిబ్బలా లేచింది. యంత్రం ఎత్తాను, వెనక్కి తీశాను, కర్రతో పొడిచి గడ్డి లాగాను, మళ్లీ దించాను. మళ్లీ అంతే. చీకటి పడేదాకా అదే పని. యంత్రం ఎత్తిన ప్రతిచోటా ఒక గడ్డి కుప్ప మిగిలింది. దాని కింద గింజలు గుట్టగా పడ్డాయి, ఆ పక్కన నాలుగడుగుల మేర ఒక్క గింజ కూడా లేదు. పది రోజులకు మొలక వచ్చాక చూస్తే చేను చిరుగులు పడ్డ దుప్పటిలా ఉంది.

మరుసటి ఏడాది టైన్లకు బదులు చాలు తీసే గుండ్రటి ఇనుప డిస్కులున్న యంత్రం అద్దెకు తెచ్చాను. అది ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నాను. మొలక మాత్రం మళ్లీ పల్చగానే వచ్చింది. ఈసారి మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో చాలు తవ్వాను. గడ్డి తెగలేదు. డిస్కు దాన్ని రెండుగా మడిచి చాలులోకి తోసింది, గింజ ఆ మడతలో ఇరుక్కుంది. చుట్టూ మట్టి తగలకపోవడంతో పదును అందక కొన్ని గింజలు ఎండిపోయాయి. తడి ఎక్కువగా ఉన్న పల్లంలో మొలకెత్తినవి కుళ్లుతున్న గడ్డిలోంచి వచ్చే ఆమ్లాలకు చచ్చిపోయాయి. దీన్ని మీరు హెయిర్‌పిన్నింగ్ అంటారని తర్వాత తెలిసింది. మీకు పేరు తెలిసిన జబ్బే. అదే జబ్బు మాకు పైనుంచి కనబడదు, అందుకే గింజ చెడ్డదని విత్తనం అమ్మినవాణ్ని తిట్టుకుంటాం.

ఆ రోజు నుంచి నాకు ఒక విషయం అర్థమైంది. యంత్రం ఆగకుండా పోయిందా అన్నది సగం ప్రశ్న మాత్రమే. గింజ మట్టిని తాకిందా అన్నది అసలు ప్రశ్న. మీ ప్రదర్శనల్లో మొదటిదానికే జవాబు దొరుకుతోంది, అదీ ఎండు గడ్డిలో.

గడ్డి ఎంత ఉంటుందో ఒకసారి లెక్క వేద్దాం. ధాన్యం పంటల్లో గింజ ఎంత బరువు పండుతుందో గడ్డి కూడా దాదాపు అంత బరువు ఉంటుంది, వరిలో ఇంకొంచెం ఎక్కువే. హెక్టారుకు 6 టన్నుల గింజ పండిన చేలో 6 టన్నులకు తగ్గకుండా గడ్డి ఉంటుంది. అందులో 2 టన్నులు మోళ్లుగా నిలబడి ఉన్నాయనుకుందాం. మిగిలిన 4 టన్నులను సమంగా పరిస్తే చదరపు మీటరుకు 400 గ్రాములు. కానీ హార్వెస్టర్ 4 మీటర్ల వెడల్పున కోసి, ఆ గడ్డినంతా ఒకటిన్నర మీటర్ల పట్టీలో వదిలేస్తుంది. ఆ పట్టీ మీద చదరపు మీటరుకు 1,000 గ్రాములు దాటుతుంది. పక్కనే నేల బోసిగా కనిపిస్తుంది. ఒకే చేలో, ఒకే యంత్రం కింద, కొన్ని అడుగులకొకసారి ఈ రెండూ మారుతుంటాయి. ట్రాక్టర్ వెళ్తుండగా వరసలను నేలకు నొక్కే స్ప్రింగుల బిగింపు మార్చుకోవడం ఏ డ్రైవర్ వల్లా కాదు.

మీ కరపత్రాల్లో “పంట వ్యర్థాలు ఎక్కువగా ఉన్న పొలాల్లోనూ పనిచేస్తుంది” అని ఉంటుంది. ఎక్కువంటే ఎంత? 400 గ్రాములా, 1,000 గ్రాములా? ఎండు గడ్డా, తడి గడ్డా? మోపెడు బరువు మోసే ప్రతి పనిముట్టుకూ అది ఎంత మోయగలదో రాసి ఉంటుంది. ట్రాక్టర్‌కు హార్స్‌పవర్ ఉంది, టైరుకు గాలి ఎంత పట్టాలో రాసి ఉంది. మీ యంత్రం చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల వదులు గడ్డిలో, ఆ గడ్డిలో ఎంత తేమ ఉండగా, ఎంత వేగంలో సరిగ్గా విత్తుతుందో దాని మీదే రాయండి. ఆ అంకె చిన్నదైనా నాకు అభ్యంతరం లేదు. తెలిస్తే నేను దానికి తగ్గట్టు గడ్డి పరుచుకుంటాను, మంచు ఆరేదాకా ఆగుతాను. తెలియకపోతే ఒక విత్తనాల అదును మొత్తం పోగొట్టుకుంటాను.

తేమ గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, గడ్డి గుణమే తేమతో మారిపోతుంది. ఎండిన గడ్డి పెళుసుగా ఉండి డిస్కు తగలగానే తెగుతుంది. తడిసిన గడ్డి వంగుతుంది, తెగదు. పైగా గడ్డి తెగాలంటే కింద ఆనుకోవడానికి గట్టి నేల కావాలి. కత్తి ఎంత పదునైనా కింద పీట మెత్తగా ఉంటే తెగదు కదా. వాన పడ్డాక నేల మెత్తబడి, పైన గడ్డి నాని ఉన్నప్పుడు రెండు విధాలా నష్టమే. విత్తనాల అదును వచ్చేది కూడా సరిగ్గా అప్పుడే, వాన పడ్డ రెండు మూడు రోజులకు. అన్ని చేలల్లోనూ గడ్డి ఎండేదాకా ఆగితే కింద పదును కూడా తగ్గిపోతుంది. ఈ ఇరుకు రోజుల కోసమే మీ యంత్రం ఉండాలి.

ఇక డిస్కుల సంగతి. ముందు వరసలో అలల అంచు డిస్కు పెట్టి, అది ఎక్కువ కోస్తుందని చెబుతారు. నా అనుభవం వేరు. అలల అంచు మట్టిని ఎక్కువ కదిలిస్తుంది, నేలలో దిగడానికి ఎక్కువ బరువు అడుగుతుంది, తడి నేలలో మట్టి పెళ్లలు లేపుతుంది. గడ్డి కోయడంలో నునుపు అంచున్న సన్నటి డిస్కే మేలు. అదీ పదును ఉన్నంతవరకే. వరి గడ్డిలో సిలికా (ఇసుకలో ఉండే గట్టి పదార్థం) ఎక్కువ కాబట్టి అంచు తొందరగా మొద్దుబారుతుంది. 15 అంగుళాల జంట డిస్కు అర అంగుళం అరిగితే మార్చేయాలి. జంట డిస్కులు ముందు భాగంలో ఒకదానికొకటి తాకి ఉండాలి. పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి విజిటింగ్ కార్డులు దూర్చి ఆగినచోట కొలిస్తే వాటి మధ్య దాదాపు 2 అంగుళాలు రావాలి. ఆ తాకిడి పోతే ఒక చాలుకు బదులు రెండు గీతలు పడతాయి, మధ్యలో మట్టి గట్టు నిలిచి గింజ దాని మీద కూర్చుంటుంది. ఇది ఇంకొక రైతు నాకు చెప్పాడు. డిస్కు యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఆయిల్ ఎప్పుడు మార్చాలో ఉంది, ఇది లేదు. దయచేసి ఈ పరీక్షను బొమ్మతో సహా యంత్రం మీదే అతికించండి.

డిస్కుకు ముందు గడ్డిని పక్కకు తోసే పళ్ల చక్రాలను మీరు విడిగా కొనుక్కోవాల్సిన సామానుగా అమ్ముతున్నారు. గడ్డి దట్టంగా ఉండే పొలాల కోసం యంత్రం చేస్తున్నప్పుడు ఇవి అదనపు సామాను ఎలా అవుతాయి? చాలు గీసేచోట గడ్డి లేకపోతే మడతే పడదు. ఇవి నేల ఎత్తుపల్లాలకు తగ్గట్టు పైకీ కిందికీ కదలాలి, గడ్డిని మాత్రమే కదిలించాలి. మట్టిని తవ్వితే దున్నినట్టే. బిగించి పెట్టిన చక్రాలు పల్లంలో గాల్లో తిరుగుతాయి, మిట్టలో గాడి తీస్తాయి. రెండూ చూశాను.

గింజ ఎంత లోతున పడాలో నిలిపే లోతు చక్రం విషయం చాలామంది గమనించరు. అది నేల మీద దొర్లుతోందని మీరు లెక్క వేస్తారు. నిజానికి గడ్డి మీద దొర్లుతుంది. దాని కింద 3 సెంటీమీటర్ల మందాన గడ్డి ఉంటే గింజ 3 సెంటీమీటర్లు పైన పడుతుంది. 5 సెంటీమీటర్ల లోతున పడాల్సిన మొక్కజొన్న గింజ 2 సెంటీమీటర్ల దగ్గర పడితే అది మొలిచినా వేరు నిలవదు. అందుకే గడ్డిని పక్కకు తోసే ఆ పళ్ల చక్రాలు ఉండాలని పదేపదే అడుగుతున్నాను. అలాగే ప్రతి వరస మీదా తగినంత బరువు పడాలి. యంత్రం ఆపి, చాలులో దించి ఉన్నప్పుడు లోతు చక్రాన్ని చేత్తో తిప్పితే సులువుగా తిరిగిందంటే బరువు చాలడం లేదని అర్థం. అలాగని బరువు మితిమీరితే చాలు గోడలు గట్టిపడి వేళ్లు పక్కకు పోవు. తడి బంకమట్టిలో ఇది మరీ ఘోరం. గింజ మీద మట్టి కప్పే నున్నటి రబ్బరు చక్రాలు అక్కడ చాలును సిమెంటు పూసినట్టు చేస్తాయి, నేల ఎండగానే చాలు నోరు తెరుస్తుంది. మేకుల్లాంటి పళ్లున్న చక్రాలు ఆ గోడను పొడి చేసి గింజ మీద రాలుస్తాయి. రెండు రకాలూ యంత్రంతోనే ఇచ్చి, ఏ నేలకు ఏది వాడాలో చెప్పండి.

టైన్లున్న యంత్రాలు పూర్తిగా పనికిరావని అనను. టైనుకు బరువు తక్కువ సరిపోతుంది, గడ్డిని చాలులోకి మడవదు. దాని జబ్బు చుట్టుకోవడం. టైన్లన్నీ ఒకే కడ్డీకి దగ్గరదగ్గరగా బిగిస్తే అది విత్తే యంత్రం పని వదిలి గడ్డి ఊడ్చే పని చేస్తుంది. మూడు కడ్డీలకు ఎడంగా పంచి, ఫ్రేము ఎత్తు పెంచితే గడ్డి దారి చూసుకుని వెళ్లిపోతుంది. ఫ్రేము పొడవు పెరుగుతుందని, ట్రాక్టర్ ముందు లేస్తుందని మీరంటారు. నిజమే. అలాంటప్పుడు చక్రాల మీద లాగే రకం చేయండి, లేదా వరసలు తగ్గించండి. ఆరు వరసలు తేలిగ్గా పోయేకన్నా నాలుగు వరసలు బరువుగా పోవడమే నాకు కావాలి. చిన్న ట్రాక్టర్ ఉన్న రైతుకు ఇది ఇంకా ముఖ్యం. పెద్ద యంత్రాన్నే కొలతలు తగ్గించి చిన్నగా చేస్తే బరువు కూడా తగ్గిపోతుంది, గడ్డి మాత్రం అంతే ఉంటుంది.

ఎరువు గురించి ఒక్క మాట. గడ్డి కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని వాడుకుంటాయి, లేత మొక్క పసుపు రంగుకు తిరుగుతుంది. యూరియాను గడ్డి మీద చల్లితే అందులో కొంత నత్రజని గాలిలో కలిసిపోతుంది. అందుకని గింజకు 5 సెంటీమీటర్ల పక్కన, 5 సెంటీమీటర్ల కింద ఎరువు వేసే ఏర్పాటు లేని యంత్రం ఈ పద్ధతికి కుంటిదే.

ఇవన్నీ నేను కొత్తగా కనిపెట్టి చెబుతున్నవి కావు. అమెరికాలో కెంటకీ రాష్ట్రం హెర్న్‌డన్ దగ్గర హ్యారీ యంగ్ అనే రైతు 1962లో ఎకరం కూడా లేని చెక్కలో దున్నకుండా మొక్కజొన్న వేశాడు. 1966 నాటికి అలిస్-చామర్స్ కంపెనీ దున్నకుండా విత్తే ప్లాంటర్‌ను అమ్మకానికి తెచ్చింది. 1972లో బ్రెజిల్‌లోని రోలాండియాలో హెర్బర్ట్ బార్ట్స్ తన నేల వానకు కొట్టుకుపోతుంటే తట్టుకోలేక ఈ పద్ధతి మొదలుపెట్టాడు. న్యూజిలాండ్‌లో మాస్సీ యూనివర్సిటీకి చెందిన జాన్ బేకర్ దారి నాకు మరీ నచ్చుతుంది. ఆయన యంత్రంతో మొదలుపెట్టలేదు. చాలు ఏ ఆకారంలో ఉంటే గింజకు తేమ అందుతుందో ముందు చూశాడు, తలకిందులైన ఇంగ్లీషు ‘T’ అక్షరం ఆకారపు చాలు తీసే పరికరం ఆ తర్వాత వచ్చింది. గడ్డిని ఒక పక్కకు, గింజను ఇంకో పక్కకు పెట్టడం అందులోని కిటుకు. మడత పడ్డా గింజ దానిలో ఉండదు.

పంజాబ్‌లో 2000 తర్వాత ఆస్ట్రేలియా శాస్త్రవేత్తల సాయంతో తయారైన హ్యాపీ సీడర్ ఇంకో దారి పట్టింది. టైనుకు ముందు గడ్డిని కోసి పైకి లేపి, విత్తాక దాన్నే కప్పుగా వెనక పరుస్తుంది. వరి కోసిన చేలో గోధుమ వేయడానికి అది ఎంతో ఉపయోగపడింది. కానీ హార్వెస్టర్ గడ్డిని సమంగా పరవకపోతే అదీ సరిగా నడవదని అక్కడే తేలింది. అందుకే హార్వెస్టర్ వెనక గడ్డిని నరికి పరిచే పరికరం బిగించాల్సి వచ్చింది. విత్తడం అసలు మొదలయ్యేది కోత రోజునే అని నేను నేర్చుకున్నది దీన్ని చూశాకే. మీలో హార్వెస్టర్లు కూడా తయారుచేసేవాళ్లున్నారు. ఆ రెండు విభాగాల ఇంజనీర్లూ ఒక్కసారైనా ఒకే చేలో కలిసి నిలబడ్డారా? కోత వెడల్పు ఎంతో అంత వెడల్పునా గడ్డి పడాలి. ఇంకా మంచిది, మోళ్లు ఎత్తుగా వదలడం. వేళ్లతో నేలను పట్టుకుని నిలబడి ఉన్న మోడు డిస్కుకు అడ్డు రాదు, పక్కకు ఒరిగి దారి ఇస్తుంది. వదులుగా పడి ఉన్న గడ్డే చుట్టుకుంటుంది, మడతపడుతుంది. గడ్డి ముందే నరికించి పొడి చేయమని మాకు సలహా ఇచ్చే మీ అమ్మకందార్లకు ఇది చెప్పండి. ఆ సలహా విన్న ఏడాది నా చేలో మడతలు రెట్టింపు అయ్యాయి.

మరో సంగతి. గడ్డిని రోటావేటర్‌లా మట్టిలో కలిపేసి వెనకే విత్తనం వేసే యంత్రాలు వస్తున్నాయి. అవి కొందరికి ఉపయోగపడతాయి, వాటితో నాకు పేచీ లేదు. కానీ వాటిని జీరో టిల్ పేరుతో అమ్మకండి. నేల అంతా కదిలిపోయి, కప్పు మాయమైపోయాక మిగిలేది దుక్కే.

ఇప్పుడు చెప్పేది అన్నిటికన్నా ముఖ్యం. గడ్డి చుట్టుకున్న ప్రతిసారీ ఒక మనిషి యంత్రం కిందికి దూరుతున్నాడు. రోజుకు యాభైసార్లు ఇంజన్ ఆపి, దిగి, మళ్లీ స్టార్ట్ చేసే ఓపిక ఎవరికీ ఉండదు. కాబట్టి ఇంజన్ నడుస్తుండగానే చేతులు పెడతారు. ఒకసారి మా తమ్ముడి కొడుకు అలా గడ్డి లాగుతుంటే హైడ్రాలిక్ జారి యంత్రం జానెడు కిందికి దిగింది. అప్పుడే వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వాడికి ఏమీ కాలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఇప్పటికీ ఎవరైనా యంత్రం కిందికి వంగితే గుండె దడదడలాడుతుంది. ఎత్తిన యంత్రం కిందికి జారకుండా పట్టి ఉంచే ఇనుప ఆనుడు ప్రతి యంత్రానికీ బిగించే ఇవ్వండి. వెనక నిలబడి పొడవాటి కొక్కెంతో గడ్డి లాగడానికి వీలుగా ఫ్రేములో ఖాళీ వదలండి. గిరగిరా తిరిగే బ్లేళ్లున్న యంత్రాలకు రాళ్లు ఎగరకుండా తడికెలు తప్పనిసరి చేయండి. ఇందులో దేనికీ పెద్ద పరిశోధన అక్కర్లేదు.

నా వైపు నుంచి ఒక మాట ఇస్తున్నాను. ఈసారి కోత కాగానే రండి. హార్వెస్టర్ గడ్డిని ఎలా వదిలిందో అలాగే ఉంచుతాను, ఒక్క పుల్ల కూడా కదపను. పొద్దున ఏడింటికి, మంచు ఉండగా మీ యంత్రాన్ని దించండి. ముందుగా మీటరు చట్రం వేసి గడ్డి తూకం చూద్దాం. గడ్డి పట్టీ మీద, బోసి నేల మీద, చేను మలుపుల దగ్గర విత్తి చూద్దాం. అదే రోజు ఎండ ఎక్కాక ఇంకో నాలుగు వరసలు విత్తండి, తేడా మీకే తెలుస్తుంది. తర్వాత వెళ్లిపోకండి, లేదా వెళ్లినా పదో రోజు మళ్లీ రండి. ఇరవై చోట్ల చాలు తవ్వి, గింజ ఎంత లోతున పడిందో, మట్టిని తాకిందో గడ్డి మడతలో ఉందో ఇద్దరం కలిసి రాసుకుందాం. యంత్రానికి రూపం గీసిన ఇంజనీరే స్వయంగా రావాలి, అమ్మే మనిషిని పంపొద్దు. తవ్వడానికి చిన్న పారలు నేను తెచ్చి ఉంచుతాను.

ఇట్లు,
దున్నకుండా విత్తుతున్న ఒక రైతు